ఐదు వందల రూపాయల మచ్చ

సూరత్‌లో లింబాయత్ అని ఒక పేట ఉంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్లిన మనవాళ్లు తరాలుగా అక్కడ కాపురముంటున్నారు. దసరా ముందు ఆ గల్లీల్లో బతుకమ్మ ఆడతారు. పిల్లలకు మున్సిపాలిటీ తెలుగు మీడియం బడి ఉంది. ఆ పేటలో, మేడ మీద ఒక ఇరుకు గదిలో ముగ్గురు ఉండేవారు. ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, చనిపోయిన కూతురి కొడుకు. కొడుక్కి పాతికేళ్లు, మనవడికి పదిహేడు. పేర్లు మనకెందుకు, ఈ కథకు వరసలు చాలు. మేనమామ, మేనల్లుడు, అమ్మమ్మ.

మేనమామ సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, కారీగరు. ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకునేవాడు. పోగు తెగితే ఉరికి ముడివెయ్యాలి, కండె అయిపోతే మార్చాలి, తాకా నిండితే కోసి దించాలి. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, పదిహేను రోజులకోసారి పగార్. ఆ చప్పుడులో చెవులు సగం పోయి, గదిలో పక్కనున్నవాళ్లతో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మేనల్లుడు ఏడో తరగతితో బడి మానేసి అదే ఖాతాలో కండెలు అందించేవాడు. పనిలో పెట్టేటప్పుడు మేనమామ వాడికి ఒక మాట నేర్పాడు. "ఎవరడిగినా ఉన్నీస్ అను, పంతొమ్మిది అని. పద్దెనిమిది నిండకపోతే సేఠ్ పెట్టుకోడు." వాడు అలాగే అనేవాడు. అని అని ఆ మాట వాడికి అలవాటైపోయింది.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. మీటరు లెక్కన బతికేవాడికి సాంచా ఆగిందంటే ఆ పూటే కూలి ఆగిపోయినట్టు. ఏప్రిల్ 10న లస్కాణా వైపు ఒడియా కార్మికులు ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. మే మొదట్లో వరేలీ దగ్గర పోలీసులకీ కార్మికులకీ పెద్ద గొడవే అయింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున మన గల్లీలో ఎవరో అన్నారు, ఊరికి బండి వేస్తున్నారు, పేర్లు రాసుకుంటున్నారు అని. నవజీవన్ ఎక్కితే తెల్లారి వరంగల్‌లో దిగొచ్చన్న ఆశ అందరిదీ. మేనమామ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. వెనకాలే మేనల్లుడు. అక్కడ బండీ లేదు, పేర్లు రాసుకునేవాడూ లేడు, గుంపు ఉంది. లాఠీలు లేచాయి. పరుగెత్తడం తెలిసినవాళ్లు సందుల్లో దూరారు, మిగిలినవాళ్లు వ్యాన్ ఎక్కారు.

స్టేషన్లో జమాదారు కాగితం మీద రాస్తూ కుర్రాణ్ణి అడిగాడు, "ఉమర్?"

"ఉన్నీస్."

రాసుకున్నాడు. సర్కారు ఆజ్ఞ ధిక్కరించారు, చట్టవిరుద్ధంగా గుమిగూడారు, విపత్తు చట్టం ఉల్లంఘించారు. ఇద్దరి మీదా అవే సెక్షన్లు. సాయంత్రానికి జామీను మీద వదిలేశారు. తర్వాత నిజంగానే శ్రామిక్ రైళ్లు వచ్చాయి, మనుషులు వెళ్లారు, తిరిగొచ్చారు, సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. కేసు సంగతి అందరూ మరిచిపోయారు, రిజిస్టరు తప్ప.

రెండేళ్లకు సమన్లు వచ్చాయి. అఠ్వాలైన్స్‌లో కోర్టు. వరండాలో అలాంటి పాత కేసులవాళ్లే బారులు తీరి ఉన్నారు. ఒక పెద్దమనిషి, నల్లకోటు లేదు గానీ కోర్టు అంతా తెలిసినట్టు తిరుగుతున్నవాడు, మేనమామ చెవి దగ్గర అన్నాడు: "గునో కబూల్, నేరం ఒప్పుకుంటున్నా అని చెప్పెయ్. ఐదు వందలు కట్టు. మధ్యాహ్నానికి ఖాతాలో ఉంటావు. లేదంటే తారీఖు మీద తారీఖు, ఏడాదంతా తిరుగుతావు."

మేనమామ లెక్క వేసుకున్నాడు. తారీఖుకు ఒక షిఫ్టు పోతుంది. షిఫ్టు పోతే కూలి పోతుంది. ఐదు వందలు చవకే. లోపలికి వెళ్లాడు, అడిగినదానికి అవునన్నాడు, డబ్బు కట్టాడు, రసీదు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. నవ్వుతూ మేనల్లుణ్ణి పిలిచాడు. "రారా అల్లుడా, అయిపోయింది. అవునంటే చాలు."

ముసలమ్మ మనవడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఇంట్లో ఏ కాగితమూ పారెయ్యదు. కరెంటు బిల్లు, ఆస్పత్రి చీటీ, ఎప్పుడో సేఠ్ దగ్గర తీసుకున్న బాకీ తీరినట్టు రాయించుకున్న కాగితం, అన్నీ రేకు పెట్టెలో ఉంటాయి. చదువు రానివాళ్లకే కాగితమంటే భయమెక్కువ.

"ఆగు బిడ్డా. బయటికి పొయ్యేటప్పుడు వీళ్లు చేతికి ఏం కాగితం ఇస్తరో అడుగు."

"రసీదు ఇస్తరమ్మా," అన్నాడు కొడుకు.

"రసీదు దేనికిస్తరు? పైసలు కట్టినందుకు. పైసలెందుకు కట్టినవ్? తప్పు చేసిన అన్నందుకు. అంటే ఆడ రాసుకున్నరు గద, వీడు తప్పు చేసిండు అని. ఆ రాసింది ఎవరు చెరుపుతరు?"

"ఐదు నూర్ల కేసు అమ్మా. ఎవడు చూస్తడు?"

ముసలమ్మ జవాబు చెప్పలేదు. మనవణ్ణి తీసుకుని, అదే ఆవరణలో ఉచిత న్యాయ సహాయం ఎక్కడ ఇస్తారో అడిగి తెలుసుకుని వెళ్లింది. అక్కడ బల్ల వెనక ఒక చిన్న వయసు లాయరమ్మ కూర్చుని ఉంది. ఆమె హిందీ, ఈమె తెలుగు, మధ్యలో కుర్రాడు. ఆమె అన్నీ అడిగి చివర్లో పుట్టిన సంవత్సరం అడిగింది.

కుర్రాడు అలవాటు కొద్దీ ఉన్నీస్ అనబోయి, అమ్మమ్మ మొహం చూసి, "రెండు వేల మూడు, జనవరి" అన్నాడు.

లాయరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "అప్పుడు నీకు పదిహేడే. ఈ కోర్టు నీది కాదు. వయసు కాగితం ఉందా?"

కుర్రాడు ఆధార్ తీశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇది సరిపోదు. బడి కాగితం కావాలి."

రేకు పెట్టె తెరిస్తే అడుగున టీసీ దొరికింది, మడతల దగ్గర చిరిగి, ఒక మూల నూనె మరకతో. తెలుగు మీడియం బడి ముద్ర, గుజరాతీలో పుట్టిన తేదీ. దాన్ని పట్టుకుని లాయరమ్మ కోర్టులో అర్జీ వేసింది. తారీఖులు పడ్డాయి. బడి నుంచి రిజిస్టరు తెప్పించారు, పెద్దసారు వచ్చి సాక్ష్యం చెప్పాడు. కేసు బాలల న్యాయ మండలికి మారింది. అక్కడ మళ్లీ తారీఖులు. ప్రతి తారీఖుకూ కుర్రాడి కూలి పోయేది, ఇంట్లో మేనమామ ఎగతాళి చేసేవాడు. "నేను ఒక్క పూటల బయటపడ్డ. నువ్వింకా తిరుగుతనే ఉన్నవు." చివరికి మండలి, ఇది చిన్న నేరం, విచారణకు చట్టం పెట్టిన గడువు ఎప్పుడో దాటింది అని చెప్పి కేసు మూసేసింది. ఆ ఉత్తర్వు నకలు తీసుకుని ముసలమ్మ పెట్టెలో పెట్టింది, టీసీ పక్కన.

మరో మూడేళ్లు గడిచాయి. మేనమామకు చెవులు బాగా దెబ్బతిన్నాయి, సాంచాల మధ్య నిలబడలేకపోతున్నాడు. ఒక వజ్రాల కంపెనీలో గేటు దగ్గర మనుషులు కావాలన్నారు. నీడపట్టున పని, నెల జీతం, పీఎఫ్. మామా అల్లుళ్లిద్దరూ ఫారాలు తెచ్చుకున్నారు. ఫారంలో ఒక గడి ఉంది: ఎప్పుడైనా ఏ కేసులోనైనా శిక్ష పడిందా? కింద ఇంకో మాట: పోలీసు సర్టిఫికెట్ జతచేయాలి.

మేనమామకు ఆ రోజు నవ్వుతూ జేబులో పెట్టుకున్న రసీదు గుర్తుకొచ్చింది. మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు టీ బండి దగ్గర ఒక ఏజెంటు దొరికాడు. "రికార్డు కడిగించేస్తా. లోపల మనవాళ్లున్నారు. పదిహేను వేలు." అప్పు చేసి ఇచ్చాడు. వారానికి సర్టిఫికెట్ వచ్చింది. ముద్ర ఉంది, సంతకం ఉంది, మూలన గళ్లగళ్ల కోడ్ కూడా ఉంది. ఫారంలో "లేదు" అని రాసి దాన్ని జతచేశాడు.

కంపెనీ ఆఫీసులో ఒక అమ్మాయి ఫోను తీసి ఆ కోడ్ మీద పెట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ పెట్టింది. లోపలికి వెళ్లి మేనేజరుతో వచ్చింది. మేనేజరు కంప్యూటర్లో కోర్టుల సైటు తెరిచి పేరు కొట్టాడు. కేసు నంబరు, తేదీ, తీర్పు, జరిమానా అన్నీ వచ్చాయి.

"ఇదేనా?" అన్నాడు మేనేజరు. "లాక్‌డౌన్ కేసా? ఇది రాస్తే తీసుకునేవాళ్లమయ్యా. మా గేటు దగ్గరున్నవాళ్లలో ఇద్దరికి ఉంది, రాశారు, ఉంచుకున్నాం. కానీ ఈ దొంగ సర్టిఫికెట్ చూసి ఊరుకుంటే నా ఉద్యోగం పోతుంది." ఫోను తీసి పోలీసులకు చెప్పాడు.

మేనల్లుడి విషయంలోనూ చిక్కు రాకపోలేదు. స్టేషన్లో పాత జాబితాలో వాడి పేరు అలాగే ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు. జమాదారు పెదవి విరిచాడు. ముసలమ్మ పెట్టెలోంచి ఉత్తర్వు తీసింది. జమాదారు చదివి, పై అధికారి దగ్గరికి తీసుకెళ్లి, తిరిగొచ్చి సర్టిఫికెట్ ఇచ్చాడు. కేసులేవీ లేవని.

మేనమామ జామీను మీద ఇంటికొచ్చిన రాత్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇద్దరం ఒక్క బండిల ఎక్కినం. ఒక్క కాగితం మీద రాసిండ్రు. వానిది పోయింది, నాది పెరిగింది. గిదేం న్యాయమే అమ్మా?"

ముసలమ్మ అన్నం కంచం ముందు పెట్టింది. "నువ్వు కేసు పోగొట్టుకున్నవ్ బిడ్డా. వాడు మచ్చ పోగొట్టుకున్నడు. ఆ రోజు నీకు కేసే కనబడ్డది."

•

నీతి: కేసు ముగియడం వేరు, మచ్చ పోవడం వేరు. మొదటిదాని కోసం తొందరపడితే రెండోది మెడకు చుట్టుకుంటుంది.

ఇలాంటి నీతులు చెప్పడం తేలికే. మేనమామ తొందరపడ్డాడని నింద వెయ్యడమూ తేలికే. కానీ ఆయన వేసుకున్న లెక్కలో తప్పేముంది? తారీఖుకు ఒక షిఫ్టు పోవడం నిజం. ఐదు వందలు చవక అన్నదీ ఆ పూటకు నిజమే. ఆయనకు తెలియని సంగతి ఒక్కటి. నేరం ఒప్పుకుంటే పడేది జరిమానా మాత్రమే కాదు, శిక్ష పడిన మనిషి అన్న ముద్ర కూడా పడుతుంది. పైగా తానే ఒప్పుకున్నవాడికి మన చట్టంలో దాదాపు అప్పీలు లేదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం చెల్లదనో వాదించుకోవచ్చు గానీ, నేను చెయ్యలేదని వెనక్కి రాలేడు. దేశంలో చిన్న కేసుల కోర్టుల వరండాల్లో ప్రతిరోజూ జరిగే వ్యవహారమిది. ఒప్పుకో, కట్టు, పో. ఆ సలహా ఇచ్చేవాడు ఒక్కోసారి మంచి ఉద్దేశంతోనే ఇస్తాడు. అందుకే అది అంత ప్రమాదం.

నిజానికి ఆ కేసులో మేనమామకు గట్టి వాదనలే ఉన్నాయి. సర్కారు ఆజ్ఞ ధిక్కరించారన్న పాత ఐపీసీ 188 కింద కోర్టు కేసు చేపట్టాలంటే, ఆజ్ఞ ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. పోలీసుల ఛార్జిషీటు ఒక్కటే చాలదు. 2020 జూన్ 9న సుప్రీంకోర్టు, లాక్‌డౌన్‌లో రోడ్డెక్కిన వలస కార్మికుల మీద పెట్టిన కేసులు వెనక్కి తీసుకోవడం గురించి ఆలోచించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2021లో తమిళనాడు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు అలాంటి కేసులు ఎత్తేస్తున్నట్టు ప్రకటించాయి కూడా. అహ్మదాబాద్‌లో అరెస్టయిన వలస కూలీలకు బెయిలు ఇస్తూ గుజరాత్ హైకోర్టు వాళ్లను నేరస్థులుగా కాదు, బాధితులుగా చూడాలంది. ఇవేవీ లింబాయత్ మేడ మీద గదిదాకా రాలేదు. తీర్పులు ఇంగ్లీషులో వస్తాయి, సమన్లు గుజరాతీలో వస్తాయి, మనిషి తెలుగువాడు.

ఒకవేళ ఒప్పుకోక తప్పదనుకున్నా, అడగదగ్గ మాట ఒకటుంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. మొదటిసారి తప్పు, అదీ రెండేళ్లలోపు శిక్ష ఉన్న చిన్న తప్పు అయితే, జరిమానాకు బదులు మందలించి వదిలెయ్యమని జడ్జిని అడగొచ్చు. అలా వదిలిన మనిషికి, శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హతలు వర్తించవని ఆ చట్టం 12వ సెక్షను చెబుతోంది. ఇందులోనూ మెలిక ఉంది. అనర్హత పోతుంది గానీ నేరం రుజువైందన్న మాట రికార్డులో ఉండనే ఉంటుంది. సగం చెరిపిన పలక లాంటిది. అయినా ఐదు వందలు కట్టి ముద్ర వేయించుకోవడం కన్నా నయం. ఆ వరండాలో ఆ చట్టం పేరు ఎత్తేవాళ్లు ఎందరుంటారన్నది వేరే సంగతి.

మేనల్లుడికి దక్కింది దయ కాదు, హక్కు. 2015 బాలల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పాత రికార్డులను చెరిపెయ్యాలన్నదాన్ని ఒక మూలసూత్రంగా పెట్టుకుంది. 24వ సెక్షను ప్రకారం వాళ్లకు ఏ అనర్హతా అంటదు. అప్పీలు గడువో నియమం చెప్పిన ఏడేళ్లో దాటాక రికార్డు ధ్వంసం చెయ్యాలి. పదహారు నిండినవాళ్లు ఘోరమైన నేరాలు చేసి పెద్దల్లా విచారణ ఎదుర్కొన్నప్పుడు మాత్రం ఈ మినహాయింపు లేదు. 74వ సెక్షను పోలీసులకే చెబుతుంది, క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని పిల్లల కేసులు బయటపెట్టకూడదని. మైనరునన్న సంగతి ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తొచ్చు. అంటే ఉన్నీస్ అని అబద్ధం చెప్పినా దారి మూసుకుపోలేదు. వయసు తేల్చడానికి చట్టం మొదట అడిగేది బడి ఇచ్చిన పుట్టినతేదీ కాగితమో పదో తరగతి సర్టిఫికెట్టో. అవి లేకపోతే మున్సిపాలిటీ జనన ధ్రువీకరణ. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ లేదు. లాయరమ్మ తల అడ్డంగా ఊపింది అందుకే. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని తర్వాత 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇంత చక్కటి చట్టం ఉన్నా, జమాదారు జాబితాలో కుర్రాడి పేరు అలాగే ఉండడం గమనించారా? నాకు కథ మొత్తంలో కోపం తెప్పించే చోటు అదే. చెరపాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. చెరిపారో లేదో చూసుకుని, ఉత్తర్వు నకలు చంకన పెట్టుకుని తిరగాల్సింది మాత్రం రేకు పెట్టె ముసలమ్మ.

ఇక పెద్దవాళ్ల సంగతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నట్టు, ఇన్నేళ్లు సక్రమంగా బతికితే కోర్టుకు అర్జీ పెట్టుకుని పాత శిక్షను రికార్డులోంచి తీసేయించుకునే చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం, నిర్ణీత కాలం దాటిన చిన్న శిక్షలను చాలా ఉద్యోగాల్లో చెప్పనక్కర్లేదు. పెన్సిల్వేనియా 2018లో అర్జీ కూడా అక్కర్లేకుండా పాత చిన్న కేసులు వాటంతటవే మరుగున పడే ఏర్పాటు చేసింది. మనకు ఉన్నవి పక్కదారులు. రాజీకి వీలున్న కేసయితే ఫిర్యాదుదారుతో రాజీ. పసలేని కేసయితే హైకోర్టులో కొట్టేయించుకోవడం, వెనకటి సీఆర్‌పీసీలో 482వ సెక్షను, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్ష సంహితలో 528వది. సూరత్‌వాడు దానికి అహ్మదాబాద్ రైలెక్కాలి, లాయరు ఫీజు కట్టాలి. ఐదు వందల కేసును కొట్టేయించడానికి యాభై వేలు ఎవడు పెడతాడు?

కొట్టేసినా, నిర్దోషి అన్నా, పేరు ఇంటర్నెట్‌లో ఉండనే ఉంటుంది. నిర్దోషిగా బయటపడిన ఒకాయన తన కేసు తీర్పు ఇంటర్నెట్‌లో ఎవరికీ కనబడకుండా చెయ్యమని గుజరాత్ హైకోర్టుకు వెళితే, 2017 జనవరిలో కుదరదు పొమ్మంది. అదే ఏడాది ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తేల్చాక గాలి మారింది. 2021లో ఢిల్లీ హైకోర్టు, అలాంటి కేసులోనే, నిర్దోషి తీర్పు వెతికితే దొరక్కుండా చూడమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కో హైకోర్టు ఒక్కోలా అంటోంది. ఎటు తిరిగీ ఇది చట్టసభలు చెయ్యాల్సిన పని.

చట్టం చెరిపినా లోకం చెరపదన్నదానికి తెలుగువాళ్లకు స్టువర్టుపురం కన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టిన ఊరు అది. పుట్టుకతోనే నేరస్థులని రాసిన ఆ చట్టాన్ని 1952లో ఎత్తేశారు. గుజరాత్‌లో ఛారా తెగవాళ్లదీ ఇదే కథ. ఒక్క కలంపోటుతో లక్షలాది మంది మీది ముద్ర కాగితం మీద పోయింది. దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చి చాలామందికి పాత ముద్రే కొత్త పేరుతో అంటుకుంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయండని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరు 3న, డెబ్భై రెండేళ్లకు. మనం మాత్రం 2023లో కూడా ఆ ఊరి దొంగ మీద తీసిన సినిమాకు టిక్కెట్లు కొనుక్కున్నాం.

మేనమామ చేసిన రెండో తప్పు గురించి మాత్రం నాకు ఏ సానుభూతీ లేదు, అర్థమవుతుంది అంతే. దాచడం. 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం, ఉద్యోగాల్లో పాత కేసులు దాచిన సంగతి మీద పెద్ద తీర్పిచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల గురించే అయినా దాని సారం అందరికీ పనికొస్తుంది. కేసు చిన్నదా పెద్దదా, పదవి ఎలాంటిది అన్నవి చూడాలి, కుర్రతనంలో నినాదాలు చెయ్యడం వంటి అల్పమైన వాటిని పక్కన పెట్టొచ్చు, కానీ తెలిసీ దాస్తే దాచడమే తప్పవుతుంది అని. పాస్‌పోర్టుకూ చాలామంది అనవసరంగా భయపడతారు. చట్టం అడ్డం చెప్పేది గత ఐదేళ్లలో నీతిబాహ్యమైన నేరానికి రెండేళ్లకు తక్కువకాని శిక్ష పడినవాళ్లకు. ఐదు వందల జరిమానా దానికి అడ్డే కాదు. కేసు ఇంకా నడుస్తుంటే అడ్డు, దానికీ కోర్టు అనుమతి తెచ్చుకునే దారి ఉంది. ఏజెంట్లు బతికేది ఈ భయం మీదే. వాళ్లిచ్చే కాగితంతో చిన్న కేసు పోదు, ఏడేళ్ల దాకా శిక్ష పడే ఫోర్జరీ కేసు దాని పక్కన చేరుతుంది.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. అక్కడ దుకాణంలో చిన్న దొంగతనం కేసు పడి, కోర్టు దాన్ని రికార్డులోంచి తీసేసినా, వీసా ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, క్షమాభిక్ష దొరికినా చెప్పాల్సిందే అంటుంది. వలస చట్టానికి ఆ చెరపడం లెక్కలోకి రాదు. లాయరును అడక్కుండా "లేదు" అని రాయకండి.

సూరత్‌లో, భివండీలో, సిరిసిల్లలో సాంచాల మధ్య పనిచేస్తున్నవాళ్లకు చివరగా ఒక కబురు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే లాయరును పెట్టాలి. ప్రతి జిల్లా కోర్టులోనూ ఆ ఆఫీసు ఉంటుంది. ఫోను నంబరు 15100. కోర్టు బోనులో "అవును" అనే ముందు ఆ నంబరుకు ఒక్కసారి ఫోన్ చెయ్యండి. పిల్లల టీసీలు పారెయ్యకండి.